ఫోనులో తనంతట వెలుగు తాళపుచెవి – మన బాధ్యత

మన సంఘ సభ్యులలో పలువురు ఈ మధ్య మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. ఫోను పైభాగమున, గడియారపు అంకెల వరుసలో, చిన్న తాళపుచెవి బొమ్మ ఒకటి తనంతట తాను కనబడుచున్నదట. ఐఫోను అయినచో తాళపుచెవికి బదులు వి.పి.ఎన్. అను మూడు ఇంగ్లీషు అక్షరములు వెలుగుచున్నవట. ఎవ్వరును నొక్కలేదు, ఎవ్వరును పెట్టలేదు. ఒక పూట ఉండును, మరొక పూట మాయమగును. అది ఉన్నంతసేపు బ్యాంకు పని సాగదు. ఇది ఏమి వింత? ఎవరైన మన ఫోనులో దూరినారా? ఫోను మార్చవలెనా?

మగ్గము మాట చెప్పవలసిన పత్రికలో ఫోను మాట ఎందుకని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కాని ఒక్కసారి ఆలోచింపుడు. చిక్‌పేట షావుకారు ఆర్డరు ఫోనులోనే వచ్చును. నేసిన చీర ఫొటో ఫోనులోనే పోవును. పట్టు ధర ఫోనులోనే తెలియును. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత కూలి డబ్బు సహా ఫోనులోనే జమ యగుచున్నది. కబ్బన్‌పేట సందులలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మనకును, యలహంకలోను దొడ్డబళ్ళాపురములోను మరమగ్గములు నడుపుకొను మన బంధువులకును నేడు ఫోను కూడ నాడె వంటి పనిముట్టే. పనిముట్టునకు వచ్చిన లోపము పనివానికి తెలిసియుండవలెను.

మా అభిప్రాయము ముందుగానే చెప్పుదుము. ఆ తాళపుచెవి గాలిలోనుండి రాదు. ఎప్పుడో ఒకప్పుడు మన యింటిలో ఎవరో ఒకరు దానికి అనుమతి ఇచ్చియుందురు. ఆ సంగతి విచారింపక పిల్లలను తిట్టుట తప్పు. విచారింపక ఊరకుండుట అంతకంటె తప్పు.

మా యింట జరిగినది

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా పొరపాటునే చెప్పుకొందుము. గడచిన ఆషాఢము చివరి వారము. శ్రావణమున వరలక్ష్మీ వ్రతపు గిరాకి వచ్చును గనుక ముందుగానే సరకు తెచ్చుకొనవలెనని పట్టునూలు అంగడికి పోయితిమి. బేరము కుదిరినది. కట్టలు తూచి సంచిలో వేసిరి. డబ్బు పంపుటకు బ్యాంకు యాప్ తెరువబోగా అది తెరచుకొనలేదు. ఫోనులో వి.పి.ఎన్. నడుచుచున్నదనియు, దానిని ఆపి మరల రమ్మనియు ఇంగ్లీషులో ఒక వాక్యము చూపినది. పైన చూచితిమి గదా, తాళపుచెవి! దానిని ఎట్లు ఆపవలెనో మాకు తెలియదు. వెనుక మరి ఇద్దరు బేరగాండ్రు నిలిచియున్నారు. అంగడి యజమాని మర్యాదగానే, "పరవాలేదు, రేపు రండి, కట్టలు పక్కన పెడతాను" అన్నాడు. మరునాడు పోవునప్పటికి ఆ రంగు కట్టలు వేరొకరికి పోయినవి. ఆ వారము ఒక మగ్గము ఖాళీగా నిలిచినది.

ఆ మొదటి దినమున ఇంటికి వచ్చి చూడగా తాళపుచెవి లేదు! మా అనుమానము మనుమనిమీదికి పోయినది. వాడు ఎనిమిదవ తరగతి చదువుచు, సాయంకాలము మా ఫోనులో ఆటలాడును. "నువ్వే ఏదో నొక్కావు" అని గట్టిగా కోప్పడితిమి. వాడు లేదు లేదని ఏడ్చినాడు. ఆ రాత్రి అన్నము తినలేదు.

మరుసటి వారము అదే అంగడిలో మరల అదే జరిగినది. అప్పుడు మనుమడు బడిలో ఉన్నాడు, ఫోను ఉదయమునుండి మా జేబులోనే ఉన్నది. మా కోడలు సాఫ్ట్‌వేరు ఆఫీసులో పని చేయుచున్నది. ఆమె అంతయు విని, "మామయ్యగారూ, పిల్లవాణ్ణి అనడం తరవాత. ముందు ఆ గుర్తు ఎక్కడ వస్తోందో, ఎక్కడ పోతోందో నాలుగు రోజులు ఒక కాగితం మీద రాయండి" అన్నది.

వ్రాసితిమి. ఇంటిలో లేదు. సంఘము ఆఫీసులో లేదు. గుడిలో లేదు. పట్టునూలు అంగడిలో ఉన్నది. రైలు స్టేషనులో ఉన్నది. ఆ రెండు చోట్లను మా ఫోను ఇతరుల వైఫైకి తగులుకొనుచున్నది! విషయము అప్పుడు తేలినది. వెనుక ఒకసారి పగిలిన అద్దము మార్పించుకొన్నప్పుడు, వైరసులనుండి కాపాడునని ఒక యాప్ మా ఫోనులో చేరినది. తెలియని వైఫై తగిలినప్పుడెల్ల తనంతట వి.పి.ఎన్. తెరచు మీట దానిలో ఉన్నది. మొదట అది అనుమతి అడిగినప్పుడు "సరే" అని నొక్కినది మా వ్రేలే. ఆ పెట్టెలో ఏమి వ్రాసియున్నదో మేము చదువలేదు. చదివినను ఆ ఇంగ్లీషు మాకు తెలిసెడిది కాదు. మనుమని పిలిచి, తప్పు మాదేనని ఒప్పుకొంటిమి.

ఈ వెదకు పద్ధతి మనకు క్రొత్త కాదు. గుడ్డలో లోపము కనబడినప్పుడు మనమేమి చేయుదుము? అదే లోపము సరియైన ఎడముతో మరల మరల వచ్చుచున్నచో జకార్డు అట్టలను చూతుము. ఎడము లేక వచ్చినచో కండెను, నాడెను చూతుము. ఎప్పుడు వచ్చుచున్నదో తెలిసినచో ఎక్కడనుండి వచ్చుచున్నదో సగము తెలిసినట్లే. ఫోనుకును అంతే.

వి.పి.ఎన్. అనగా నేమి?

వర్చ్యువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అను మూడు మాటలకు అవి మొదటి అక్షరములు. దాని పని సులభముగా ఇట్లు చెప్పవచ్చును. మనము బ్యాంకునకు ఉత్తరము వ్రాసినచో అది మన పేటలోని తపాలా దారిని పోవును. వి.పి.ఎన్. ఉన్నప్పుడు మన ఉత్తరములన్నియు ఒక మధ్యవర్తి సంచిలో పడును. ఆ సంచికి సీలు వేయబడును. దారిలోనివారికి సంచి కనబడును గాని, ఎవరికి ఏ ఉత్తరమో కనబడదు. సంచి మధ్యవర్తి కార్యాలయమునకు చేరును. అతడు దానిని విప్పి ఉత్తరములను తన చిరునామాతో ముందుకు పంపును.

దీనివలన లాభమును కలదు, చిక్కును కలదు. రైలు స్టేషనులో పదిమంది వాడు వైఫై మీద పని చేయునప్పుడు పక్కవాడు మన సంచిలోకి తొంగిచూడలేడు. ఇది లాభము. కాని మధ్యవర్తి కార్యాలయము సింగపూరులో ఉన్నచో, బెంగుళూరులో కూర్చున్న మనము సింగపూరునుండి వచ్చినట్లు బ్యాంకునకు తోచును. అందువలననే కొన్ని బ్యాంకుల యాప్‌లు వి.పి.ఎన్. ఉన్నప్పుడు తలుపు తెరువవు. ఇది మన రక్షణ కొరకు పెట్టిన కట్టుబాటే. కొన్ని చోట్ల "నీవు మనిషివేనా" అని మాటిమాటికి ప్రశ్నించుటయు, నెట్ మందగించుటయు, బ్యాటరీ త్వరగా తరుగుటయు దీనివలననే జరుగవచ్చును.

ముఖ్యమైన సంగతి మరొకటి. దారిలోనివారికి తెలియని సంగతి మధ్యవర్తికి తెలియును. బ్యాంకులు తమ ఉత్తరములను లోపల వేరుగ సీలు వేయును గనుక సాధారణముగా లోపలి వ్రాత అతడు చదువలేడు. అయినను మనము ఎవరికి, ఎప్పుడు, ఎంత తరచుగా వ్రాయుచున్నామో అతనికి తెలియును. కావున మధ్యవర్తి ఎవరు అనునదే అసలు ప్రశ్న.

తాళపుచెవి ఎందుకు వచ్చును?

మొదటి కారణము మా యింట జరిగినదే. వైరసు కాపలా యాప్‌లు పెక్కింటిలో వి.పి.ఎన్. కలిసియుండును. క్రొత్త వైఫై తగిలినప్పుడు అది మేల్కొనును.

రెండవది ఫోను చేసిన కంపెనీయే ఇచ్చునది. శామ్‌సంగ్ ఫోనులలో సెక్యూర్ వైఫై అనునది యున్నది. గూగుల్ వారి పిక్సెల్ ఫోనులు కొన్నింటిలోను వారిదే వి.పి.ఎన్. ఒకటి యున్నది. ఇవి దొంగవి కావు. అక్కరలేనిచో ఆపివేయవచ్చును.

మూడవది ప్రకటనలు రాకుండ ఆపు యాప్‌లు, పిల్లలు చూడదగని వానిని అడ్డు యాప్‌లు. వీనిలో కొన్ని వి.పి.ఎన్. దారినే వాడుకొని ఫోను లోపలనే జల్లెడ పట్టును. ఉత్తరములు బయటి మధ్యవర్తికి పోవు. అయినను తాళపుచెవి కనబడును. దానిని చూచి భయపడి తీసివేసినచో, పిల్లల కొరకు తల్లి పెట్టిన కాపలాయే పోవును.

నాలుగవది ఆఫీసు వి.పి.ఎన్. మన ఊరిలో దీనిని ప్రత్యేకముగా చెప్పవలెను. మగ్గము నడచిన యింటనే నేడు కొడుకో కోడలో సాఫ్ట్‌వేరు పని చేయుచున్నారు. 2020 మార్చిలో కరోనావలన అంతయు మూతపడినప్పుడు ఆఫీసులు ఇండ్లలోనికి వచ్చినవి. వానితో ఈ వి.పి.ఎన్. కూడ వచ్చినది. ఆఫీసు తన లెక్కలు బయటికి పొక్కకుండ పెట్టుకొన్న కట్టుదిట్టమది. అట్టిదానిని అడుగక తీసివేసినచో వారి ఉద్యోగపు పనికి ఆటంకము కలుగును.

ఐదవది ఎల్లప్పుడు నడువుమని ఆజ్ఞ యిచ్చు మీట. ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ మీట కలదు. అది వేసియున్నచో ఫోను ఆపి మరల వెలిగించినను వి.పి.ఎన్. తనంతట వచ్చును. దాని క్రింద మరొక మీట యుండును. అది వి.పి.ఎన్. లేనిదే నెట్‌ను బొత్తిగా ఆపివేయును. ఇది వేసియున్న సంగతి తెలియక, నెట్ పోయినదని సిమ్ కంపెనీవారితో తగవులాడువారు కలరు. ఐఫోనులో దీనికి సమానమైనది "కనెక్ట్ ఆన్ డిమాండ్" అను మీట. అది వేసియున్నంతవరకు మీరు వి.పి.ఎన్. ఆపినను, కొంతసేపటికి అదే మరల తగులుకొనును. పలువురిని విసిగించునది ఇదియే.

ఆరవది ఉచితమని, వేగమని, ఆటలకు మంచిదని చెప్పి చేరిన తెలియని యాప్. భయపడదగినది ఇదొక్కటే.

ఉచిత మధ్యవర్తి సంగతి

మన వృత్తిలో ఉచితముగా మధ్యవర్తిత్వము చేసినవానిని మనమెవ్వరమును చూచియుండము. అప్పు ఇచ్చి చీర తీసికొన్నవాడును, నూలు ఇచ్చి కూలి తగ్గించినవాడును తన లాభము ఎక్కడనో చూచుకొనినాడు. ఫోనులోని మధ్యవర్తి అంతకంటె ధర్మాత్ముడని అనుకొనుటకు ఆధారము లేదు.

2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ., అచ్చటి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయము, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయము పరిశోధకులు కలిసి వి.పి.ఎన్. అనుమతి కోరు 283 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించిరి. నూటికి 38 యాప్‌లలో హానికర భాగముల జాడ కనబడినది. నూటికి 18 యాప్‌లు సంచికి సీలే వేయలేదు! నూటికి 80కి పైగా యాప్‌లు ఫోనులోని ఖాతాలు, సందేశములు వంటి వానిని చూచుటకు అనుమతి కోరినవి.

పెద్ద కంపెనీ పేరున్నంత మాత్రమున భయము లేదనుకొనరాదు. ఒనావో అను కంపెనీని ఫేస్‌బుక్ 2013లో కొన్నది. దాని ఉచిత వి.పి.ఎన్. మీ సమాచారమును కాపాడునని చెప్పుకొన్నది. కాని జనులు ఏ యాప్‌లు ఎంత వాడుచున్నారో దాని మూలముగా ఫేస్‌బుక్ తెలిసికొన్నది. 2018లో అది ఆపిల్ అంగడినుండి తొలగినది, 2019లో మూతపడినది. 2023లో ఆస్ట్రేలియా న్యాయస్థానము ఆ వ్యవహారములో రెండు అనుబంధ కంపెనీలకు కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా విధించినది.

ఇంకను చెడ్డది కలదు. కొన్ని ఉచిత వి.పి.ఎన్.లు మన నెట్ దారిని ఇతరులకు అద్దెకిచ్చును. 2015లో హోలా అనునది ఇట్లు చేయుచున్నట్లు వెల్లడియైనది. 2024 మేలో అమెరికా న్యాయశాఖవారు 911 ఎస్5 అను పెద్ద వలను పట్టుకొనిరి. ఉచిత వి.పి.ఎన్.ల మూలముగా కంప్యూటర్లలో దూరి, 1 కోటి 90 లక్షల నెట్ చిరునామాలను నేరస్థులకు అద్దెకిచ్చిన వల అది. అనగా మోసము ఎవడో చేయును, దారి మన యింటిదిగా కనబడును. మగ్గము మనది, గుడ్డ మరొకనిది, మచ్చ మన పేరున!

ఏమి చేయవలెను?

తాళపుచెవి కనబడగానే తొందరపడి దేనిని తీసివేయకుడు. వరుసగా చేయుడు.

మొదట, మా కోడలు చెప్పినట్లు, ఎక్కడ ఎప్పుడు వచ్చుచున్నదో వ్రాసికొనుడు. పిదప ఫోను సెట్టింగులు తెరచి, పైన వెదకు గడిలో వి.పి.ఎన్. అని ఇంగ్లీషు అక్షరములతో కొట్టుడు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇది తరచుగా నెట్‌వర్క్, ఇంటర్నెట్ అను భాగములో నుండును. శామ్‌సంగ్ ఫోనులో కనెక్షన్ల భాగమున, మరిన్ని సెట్టింగుల క్రింద నుండును. ఐఫోనులో జనరల్ అను భాగమున వి.పి.ఎన్., డివైస్ మేనేజ్‌మెంట్ అను చోట నుండును. అక్కడ ఏ యాప్ పేరున్నదో చూడుడు. ఆ పేరే మన దొంగయో దొరయో చెప్పును.

రెండవది, ఆ పేరును ఇంటిలో అందరిని అడుగుడు. ఆఫీసుదా? పిల్లల కాపలాదా? ఎవరైన కావలెనని పెట్టుకొన్నదా? అట్లయినచో దానిని అట్లే యుంచి, బ్యాంకు పని యున్నప్పుడు మాత్రము ఆపుట నేర్చుకొనుడు. ఆఫీసు ఫోనైనచో ఆఫీసువారిని అడిగిన పిమ్మటనే ముట్టుకొనుడు.

మూడవది, అక్కరలేనిదని తేలినచో, పేరు ప్రక్కనున్న చక్రపు బొమ్మను నొక్కి, ఎల్లప్పుడు నడచు మీటను, దాని క్రింది మీటను ఆపుడు. పిదప ఆ యాప్‌ను తెరచి, తనంతట తగులుకొను మీట యున్నచో దానిని కూడ ఆపుడు. ఐఫోనులో వి.పి.ఎన్. పేరు ప్రక్కనున్న గుర్తును నొక్కి, కనెక్ట్ ఆన్ డిమాండ్ మీటను ముందు ఆపి, ఆ తరువాత వి.పి.ఎన్.ను ఆపుడు. ఈ వరుస తప్పినచో అది మరల వచ్చును.

నాలుగవది, యాప్ బొత్తిగా అక్కరలేనిచో దానికిచ్చిన వి.పి.ఎన్. అనుమతిని అదే చోట రద్దు చేసి, యాప్‌ను తీసివేసి, ఫోనును ఒకసారి ఆపి వెలిగింపుడు. ఇక్కడ ఒక నియమము తెలిసికొనవలెను. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినను మొదటిసారి మన అనుమతి లేక వి.పి.ఎన్. తెరువజాలదు. కాని ఒకసారి సరే అన్న తరువాత ప్రతిసారి అడుగదు. అందుచేతనే అది తనంతట వచ్చినట్లు తోచును. ఒకసారి చేవ్రాలు చేసిన పత్రము రద్దు చేయువరకు చెల్లునట్లే.

ఐదవది, యాప్ తీసివేయుటకు ఫోను ఒప్పనిచో, సెట్టింగులలో డివైస్ అడ్మిన్ అను చోట దానికి అధికారమున్నదేమో చూచి తొలగింపుడు. ఐఫోనులో తెలియని ప్రొఫైల్ ఏదైన యున్నచో తొలగింపుడు. అప్పటికిని పోనిచో తెలిసినవారికి ఎదుటనే చూపుడు. "మీ వి.పి.ఎన్. నేను సరిచేస్తాను" అని ఫోనుచేసి, మరొక యాప్ వేసికొనుమనువానిని నమ్మకుడు. పెండ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైలును నొక్కవద్దని 2024లోనే పోలీసులు హెచ్చరించిరి. అట్టిది ముట్టుకొన్న తరువాత ఫోను ప్రవర్తన మారినచో, మరొక మంచి ఫోనునుండి బ్యాంకు రహస్యపు మాటలను, పిన్‌ను మార్చుకొనుడు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచకుడు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చెప్పిన, డబ్బు ఆగుటకు అంత అవకాశము.

వద్దని కొట్టివేయుట మార్గమా?

మా అనుభవము విన్న ఒక పెద్దలు, "అసలు వి.పి.ఎన్. మన ఇళ్ళల్లో ఉండకూడదని సంఘం తీర్మానం చెయ్యండి" అనిరి. వారిమీద గౌరవముతోనే ఈ మాటకు మేము ఒప్పుకొనలేము. జకార్డు వచ్చిన దినములలో చేతిపని చెడునని భయపడినవారు కలరు. కాని నేర్చుకొన్నవారు మంచి బుటాలు నేసిరి. ఇతరుల వైఫై మీద పని చేయువారికి నమ్మదగిన వి.పి.ఎన్. మేలు చేయును. ఆఫీసు పని చేయు పిల్లలకు అది తప్పదు.

చట్టము మాటయు చెప్పుదుము. వి.పి.ఎన్. వాడుటయే నేరమను చట్టము మన దేశమున లేదు. కాశ్మీరము వంటి చోట్ల జిల్లా అధికారులు కొంతకాలము నిషేధించిన సందర్భములు వేరు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ ఒక ఆదేశము ఇచ్చినది. వి.పి.ఎన్. కంపెనీలు తమ వాడుకదారుల పేరు, చిరునామా మొదలైన వివరములను 5 సంవత్సరములు భద్రపరుపవలెనని దాని సారము. అందుకు ఇష్టపడక ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ మొదలగు విదేశపు కంపెనీలు ఆ సంవత్సరమే భారతదేశములోని తమ యంత్రములను ఎత్తివేసినవి. పోలీసులకు నేరస్థుడు దొరకవలెనను వాదము ఒక వైపు, మన రహస్యము మనదనువాదము మరొక వైపు. ఆ వాదము ఎట్లు తేలినను, మన ఫోనులో ఏ మధ్యవర్తి ఉన్నాడో మనకే తెలియకుండుట మాత్రము ఏ వాదమునకును సమ్మతము కాదు.

మేము గట్టిగా కోరునది మరొకటి. బెంగుళూరు తెలుగు నేతకుటుంబములలో ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము నడచును. అనుమతి అడుగు పెట్టె మాత్రము ఇంగ్లీషులో వచ్చును. చదువలేని కాగితముమీద వేలిముద్ర వేయించి, తరువాత నీవే ఒప్పుకొంటివి అనుట మన తాతల కాలపు వడ్డీ వ్యాపారపు పద్ధతి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ఈ విషయమున మనకు ఒక హక్కు ఇచ్చినది. మన సమాచారము వాడుకొనుటకు సమ్మతి కోరువారు ఆ కోరికను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోగాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగును కన్నడమును ఆ షెడ్యూలులో ఉన్నవి. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. కంపెనీలపై ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువుతో అమలునకు రావలసినవి. హక్కు కాగితముమీద ఉన్నంత మాత్రమున చాలదు. మనము అడిగిననే అది పెట్టెలోనికి వచ్చును.

అందాక మన చేతిలోనున్న ఉపాయము ఒకటి కలదు. ఆండ్రాయిడ్ ఫోను భాషను తెలుగుకు మార్చుకొన్నచో, వి.పి.ఎన్. అనుమతి కోరు ఫోను పెట్టె తెలుగులోనే వచ్చును. తెలుగు ఫోను పెట్టుకొనుట చిన్నతనమని కొందరు యువకులు భావించుచున్నారు. తెలియని భాషలో సరే అనుట పెద్దతనమెట్లగును?

మా సూచన

మన సంఘము నెలకు ఒక ఆదివారము ఉదయము రెండు గంటలు ఇందుకు కేటాయింపవలెనని మా సూచన. సాఫ్ట్‌వేరు పని తెలిసిన మన బిడ్డలు నలుగురు కూర్చుండవలెను. పెద్దలు, స్త్రీలు తమ ఫోనులు తాము చేతపట్టుకొనియే వచ్చి, ఏ యాప్‌నకు ఏ అనుమతి ఉన్నదో చూచుకొనవలెను. బిడ్డలు దారి చూపవలెను గాని ఫోను తీసికొని తామే నొక్కివేయరాదు. నొక్కు వ్రేలు యజమానిదే కావలెను. ఒకసారి తన చేతితో చేసినవాడు రెండవసారి అడుగడు. ఆసు పోయుట ప్రక్కన కూర్చుండి చూచి నేర్చినవాడెవడు? చేసి నేర్చితిమి.

పిల్లలున్న ఇండ్లలో ఒక కట్టుబాటు చేసికొందము. క్రొత్త యాప్ ఏదైన అనుమతి కోరినచో ఒకరికొకరు చదివి వినిపించిన తరువాతనే సరే నొక్కవలెను. ఈ కట్టుబాటు పిల్లలకు మాత్రమే కాదు, తాతలకును. మా యింట అట్లే అమలు జరుపుచున్నాము. మొన్న మేము తొందరపడి ఒక పెట్టెను నొక్కబోగా మా మనుమడు మా చేయి పట్టుకొని, "తాతా, ముందు చదువు" అన్నాడు. చదివితిమి. వద్దు అని నొక్కితిమి.

సభ్యులు ఈ విషయమై తమ అనుభవములను సంఘ కార్యాలయమునకు వ్రాయవలసినదిగా కోరుచున్నాము. మా సూచన నచ్చినవారు రాబోవు సమావేశమున దానిని బలపరుప ప్రార్థన. నచ్చనివారు వచ్చి కారణము చెప్పినను సంతోషమే.